వార్డు స్థాయి వాలంటీర్ పాలసీ: నెలకు డబ్బులివ్వాలా, క్రెడిట్లతో సరిపెట్టాలా?

తార్నాక_నోట్స్:
హైదరాబాద్ డిగ్రీ విద్యార్థులను వార్డు స్థాయి సేవలోకి తేవడానికి ఒక పాలసీ నోట్ రాస్తున్నాం. వానాకాలంలో నీళ్లు నిలిచే చోట్ల సాయం, బస్తీ పిల్లలకు సాయంత్రం చదువు, ఆసుపత్రి ఓపీల్లో దారి చూపడం, ఇవీ పనులు. ఎన్‌ఎస్‌ఎస్‌లో (జాతీయ సేవా పథకం) ఏడాదికి 120 గంటలే కదా, దాన్ని 300 చేసి నెలకు 3,000 ఇద్దామనుకుంటున్నాం. 'వాలంటీర్' అన్న మాటను ఎలా నిర్వచించాలి? ఇది ఎక్కడ దెబ్బతింటుంది?

గెజిట్_పురుగు:
గంటల సంగతి తర్వాతండి. ముందు ఆ 3,000 ఏమిటో తేల్చండి. నెలనెలా ఒకే మొత్తం, హాజరు పట్టీ, పైన ఒక అధికారి, ఈ మూడూ కలిస్తే ఏ పేరు పెట్టినా జీతంలాగే కనిపిస్తుంది. అంగన్‌వాడీ కార్యకర్తలకు ఇచ్చేదీ 'గౌరవ వేతనమే'. అయినా వాళ్లకు 1972 గ్రాట్యుటీ చట్టం వర్తిస్తుందని 2022 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు తేల్చింది. పక్క రాష్ట్రంలో 2019 ఆగస్టు 15న మొదలైన వాలంటీర్ వ్యవస్థ చూడండి: 50 ఇళ్లకు ఒకరు, నెలకు 5,000 ఇచ్చేవారు. పేరు స్వచ్ఛందం, జనం దృష్టిలో ఉద్యోగం. 2024 ఎన్నికల ముందు పింఛన్ల పంపిణీకి వాళ్లను దూరం పెట్టమని ఎన్నికల సంఘం ఆదేశించాల్సి వచ్చింది.

కాబట్టి రెండు నిర్వచనాలు విడివిడిగా రాయండి. వారానికి కొన్ని గంటలు చేసేవాళ్లు వాలంటీర్లు: బస్ పాసు, టిఫిన్ లాంటి అసలు ఖర్చు మాత్రమే. ఏడాదంతా పూర్తికాలం చేసేవాళ్లు 'సేవా సభ్యులు': గడువు, భృతి, సెలవులు అన్నీ రాతలో. అమెరికాలో ప్రభుత్వ సేవా కార్యక్రమం అమెరికార్ప్స్‌లో పూర్తికాలం సభ్యత్వం 1,700 గంటలు. మీ 300 అటూ కాదు, ఇటూ కాదు.

నాలా_పక్కిల్లు:
నిర్వచనంలో ఏది చేయకూడదో కూడా ఉండాలి. అమెరికార్ప్స్ నిబంధనల్లో అరువు తెచ్చుకోదగ్గవి ఇవే: ఉన్న ఉద్యోగిని తప్పించి ఆ పనిలో సభ్యుణ్ని పెట్టకూడదు, సేవా సమయంలో రాజకీయ ప్రచారం, మతబోధ కూడదు, మొత్తం గంటల్లో శిక్షణ 20 శాతం, విరాళాల సేకరణ 10 శాతం దాటకూడదు. ఓపీలో ఖాళీ పోస్టు ఉంటే ఆ కౌంటర్‌లో విద్యార్థిని కూర్చోబెట్టడం మన దగ్గర మొదట జరిగే పని. ఆ ఒక్క వాక్యం రాయకపోతే మీ పథకం నియామకాలు ఆపడానికి సాకు అవుతుంది.

వాన పనుల్లో మరీ స్పష్టంగా: మ్యాన్‌హోల్ మూత ముట్టకూడదు, నాలాలో దిగకూడదు. తాడు కట్టడం, జనాన్ని మళ్లించడం, కంట్రోల్ రూమ్‌కు ఫోన్ చేయడం వరకే.

బస్‌పాస్_3ఏ:
వాలంటీర్లకు అసలు ఖర్చు మాత్రమే అన్న మాటతో పేచీ ఉంది. అంతకుమించి పైసా ఇవ్వకపోతే సాయంత్రం డెలివరీకి వెళ్లే పిల్లలు రారు, ఇంట్లో జరుగుబాటు ఉన్నవాళ్లే మిగులుతారు. నెలవారీ నగదు బదులు, గంటలు పూర్తయ్యాక ఫీజు ఖాతాలో పడే విద్యా సాయం పెట్టండి. అమెరికార్ప్స్ చదువు అవార్డు పద్ధతి అదే.

డిగ్రీలో కలిసే క్రెడిట్ల లెక్క: యూజీసీ చట్రంలో సామాజిక సేవకు 30 గంటలు ఒక క్రెడిట్. 120 గంటలకు 4. మీ 300కి 10, అంటే 20 క్రెడిట్ల సెమిస్టర్‌లో సగం. ఏ డిపార్ట్‌మెంటూ ఒప్పుకోదు. ఎన్‌ఎస్‌ఎస్‌లో నమోదైన గంటలను ఇక్కడ మళ్లీ లెక్కించకూడదనీ రాయండి.

బీమా మరవకండి. ప్రధానమంత్రి సురక్షా బీమాకు ఏడాదికి 20 రూపాయలే, ప్రమాదంలో చనిపోతే 2 లక్షలు. కానీ 18 నిండాలి, ఆసుపత్రి ఖర్చు ఇవ్వరు. మొదటి ఏడాదిలో 17 ఏళ్లవాళ్లు చాలామంది. కాలు విరిగితే బిల్లు ఎవరు కడతారు? విడిగా గ్రూపు పాలసీ తీసుకోక తప్పదు.

లాగ్ పుస్తకం సెమిస్టర్ చివర ఒకే రాత్రి, ఒకే పెన్నుతో నిండుతుంది. ఆ రోజే, పని జరిగిన చోట ఉన్నవాళ్ల సంతకంతో నమోదు కాని గంట చెల్లదని నిబంధన పెట్టండి.

తార్నాక_నోట్స్:
300 తీసేశాం, 120తోనే. బస్తీ చదువు విషయంలో పోలీసు వెరిఫికేషన్ చాలా?

గెజిట్_పురుగు:
చాలదు. గదిలో ఇద్దరు పెద్దవాళ్లు, తలుపు తెరిచి. పిల్లలపై లైంగిక నేరాలను అడ్డుకునే పోక్సో చట్టం 19వ సెక్షన్ ప్రకారం అలాంటి వేధింపు తెలిస్తే పోలీసులకు చెప్పడం తప్పనిసరి, శిక్షణ మొదటి గంటలోనే అది చెప్పాలి.