బంగారం కనిపించని కడియాన్ని నగ అనవచ్చా?

ఇసార్ ఒడ్డు (చర్చ మొదలుపెట్టినవారు)

మ్యూనిక్‌లో ఏటా మార్చి ప్రాంతంలో చేతిపనులవారి పెద్ద సంత జరుగుతుంది. వడ్రంగి పనిముట్ల నుంచి వంటింటి పొయ్యిల దాకా అన్నీ అక్కడ ఉంటాయి. ఆ సందడిలోనే ఒక పక్కన 1959 నుంచి ‘ష్ముక్’ అనే ప్రదర్శన పెడుతున్నారు. జర్మన్‌లో ఆ మాటకు నగ అనే అర్థం. ప్రపంచం నలుమూలల నుంచి వందల మంది పంపితే, ఆ ఏడాదికి పిలిచిన ఒక్కరే కూర్చుని అరవై మందికి అటూఇటూగా ఎంపిక చేస్తారు. 1973 నుంచి హెర్బర్ట్ హాఫ్‌మన్ పేరిట బహుమతి కూడా ఇస్తున్నారు. ఆ వారం రోజులూ ఊరంతా చిన్న చిన్న ప్రదర్శనలే.

ఎనిమిదేళ్ళుగా ఈ ఊళ్ళో ఉంటున్నా ఈసారే మొదటిసారి వెళ్ళాను. నగలు చూడబోతున్నాం కదా అని అమ్మ పెట్టిన గాజులు, నల్లపూసలు వేసుకున్నాను. తీరా చూస్తే ఆ హాల్లో పచ్చగా మెరుస్తున్నది దాదాపుగా నేనొక్కదాన్నే! ఒక పెద్దావిడ పాత ప్లాస్టిక్ సీసాను కోసి చేసిన సాసరంత బిళ్ళను కోటుకు గుచ్చుకుని ఉంది. నా నల్లపూసలను దగ్గరగా చూడవచ్చా అని అడిగి, కళ్ళజోడు పైకి నెట్టుకుని, కొక్కెం దగ్గర చాలాసేపు ఆగింది. “ఎవరు చేశారు?” అంది. దుకాణం పేరు చెప్పాను. “అమ్మినవారు కాదు, చేసినవారు?” అంది.

నాకు గ్రాములు తెలుసు. తరుగు ఎంత శాతం వేశారో, బేరమాడి ఎంత తగ్గించామో కూడా తెలుసు. చేసినవారెవరో తెలియదు.

ఇంటికి వచ్చాక చదువుతుంటే ఓటో క్యున్‌జ్లి అనే స్విట్జర్లాండ్ కళాకారుడి సంగతి తగిలింది. ఇక్కడి లలితకళల అకాడమీలో 1991 నుంచి 2014 దాకా ఆచార్యుడు. 1980లో ఆయన ఒక కడియం చేశాడు. నల్ల రబ్బరు గొట్టం, లోపల ఒక బంగారు గుండు. బయటికి కనిపించేది ఉబ్బు మాత్రమే. బంగారం ఉందో లేదో చూడాలంటే రబ్బరు కోయాలి, కోస్తే కడియం ఉండదు. దానికి పెట్టిన పేరు ‘బంగారం గుడ్డివాళ్ళను చేస్తుంది’.

దీన్ని నగ అనవచ్చా? రెండు రోజులుగా ఆలోచిస్తున్నాను, తేలడం లేదు. మీరేమంటారు?

పుట్టింటి గాజులు

అనకూడదు. నా చదువు కోసం మా అమ్మ నాలుగు గాజులు మూడుసార్లు బ్యాంకులో తాకట్టుకు వెళ్ళి వచ్చాయి. మూడోసారి విడిపించి తెచ్చిన రోజు ఆవిడ వాటిని చింతపండుతో తోమి, పసుపు గుడ్డలో చుట్టి, వేసుకోకుండానే పెట్టెలో పెట్టేసింది. “మళ్ళీ నీ చెల్లెలికి కావాలిగా” అంది. బంగారం గుడ్డివాళ్ళను చేస్తుందట! మా ఇంట్లో ఇద్దరు ఆడపిల్లలకు కళ్ళు తెరిపించింది ఆ నాలుగు గాజులే.

ఆ రబ్బరు కడియాన్ని పట్టుకుని బ్యాంకుకు వెళ్ళండి. గీటురాయి మీద ఏం గీస్తారు, రబ్బరా? వెనకాల పింఛను, బీమా ఉన్న దేశంలో కూర్చుని బంగారాన్ని వెక్కిరించడం తేలిక. ఇక్కడ ఆడదాని చేతిలో ఆమె మాట చెల్లే ఆస్తి అదొక్కటే అయిన ఇళ్ళు ఇంకా ఉన్నాయి.

వెండితీగ

పుట్టింటి గాజులు గారూ, మీ కోపం అర్థమైంది. కానీ వాళ్ళు వెక్కిరించింది మీ అమ్మగారి గాజులను కాదు. యూరప్‌లో నగ అంటే మొగుడి హోదాను పెళ్ళాం మెడలో వేలాడదీయడమే అయిన రోజుల్లో మొదలైన తిరుగుబాటు ఇది. 1967లో డచ్ దంపతులు ఖైస్ బక్కర్, ఎమ్మీ వాన్ లేర్సమ్ భుజాల దాకా పరుచుకునే అల్యూమినియం కంఠాభరణాలు చేశారు. గొట్టాలకు, రేకులకు వాడే లోహం కాబట్టి ఎవరైనా కొనుక్కోగలరని వాళ్ళ ఆశ. 1973లో బక్కర్ ఇంకా ముందుకు వెళ్ళాడు. సన్నటి బంగారు తీగను జబ్బకు బిగించి కట్టి, తీసేస్తే చర్మం మీద మిగిలే గుర్తు ఉంటుంది చూడండి, దాన్నే నగ అన్నాడు. ‘నీడ నగ’ అని పేరు. కాసేపటికి మాసిపోతుంది. దొంగలెత్తుకుపోలేని నగ!

ఆస్ట్రియాలో పీటర్ స్కూబిక్ అయితే 1975లో ఒక ఉక్కు ముక్కను ముంజేతి చర్మం కింద పెట్టించుకుని, ఏడేళ్ళ తర్వాత, 1982లో తీయించుకున్నాడు. ఎవరికీ కనిపించదు, వేసుకున్నవాడికి మాత్రం తెలుసు. క్యున్‌జ్లి కడియం కూడా ఆ వరుసలోదే. “నగ ఎవరి కోసం వేసుకుంటున్నావు?” అని అడుగుతోంది.

అర్ధరూపాయి

చచ్చిన ఎలుకతో కూడా నగ చేశారట, నిజమేనా? భోజనం చేసి వచ్చి చదువుతాను, నిదానంగా చెప్పండి.

వెండితీగ

నిజమే. టెడ్ నోటెన్, 1995. పారదర్శకమైన అక్రిలిక్ దిమ్మలో ఎలుక, ఆ ఎలుక మెడలో బుల్లి ముత్యాలహారం. పేరు ‘టర్బో రాకుమారి’. భోజనం అయిందా?

అర్ధరూపాయి

అయింది. ముత్యాలు అసలువేనా?

కమ్మచ్చు

మూడు తరాలుగా మాది కంసాలి పని. నాన్నగారు కుంపటి ముందు కూర్చుని ఊదుగొట్టంతో ఊదేవారు, నాకు గ్యాసు మంట వచ్చింది. రబ్బరు కడియం నాకు నచ్చలేదు. ముందే చెబుతున్నాను. బంగారాన్ని దాచడానికి పనివాడు ఎందుకు? ఆ పని బీరువా చేస్తుంది.

కానీ ఆ పెద్దావిడ అడిగిన ప్రశ్న దగ్గర ఆగిపోయాను. అందులోనూ ఆవిడ కొక్కెం దగ్గర ఆగిందన్నారు చూడండి, అక్కడే ఆగాలి. బిళ్ళ మీద పువ్వు అచ్చులో ఎవరైనా కొడతారు. రోజుకు రెండుసార్లు తీసి పెట్టినా పదేళ్ళు సాగని కొక్కెం చేయడం చేతికి సంబంధించిన విద్య. నలభై ఏళ్ళ పనిలో నా కొక్కెం వంక అలా చూసినవాళ్ళు నాకు కనబడలేదు.

మీ బిల్లు తీసి చూడండి. పది గ్రాముల గాజు, తరుగు 12 శాతం అని ఉంటే మీరు 11.2 గ్రాముల బంగారానికి డబ్బు కడుతున్నారు. ఆ 1.2 గ్రాములు నిజంగా ఎక్కడ పోయాయి? ఆకురాయి పొడి పళ్ళెంలోనే పడుతుంది. చాప దులుపుతాం. చేతులు కడిగిన నీళ్ళు పారబోయం. గది ఊడ్చిన దుమ్మును కొనుక్కుపోయి కడిగి బంగారం తీసేవాళ్ళు ఉన్నారు. కరిగేటప్పుడు, మెరుగు పెట్టేటప్పుడు కొంత పోతుంది, కాదనను. వందకు పన్నెండు పోయేలా పనిచేస్తే మా నాన్నగారు నన్ను ఆ పీట మీద కూర్చోనిచ్చేవారు కాదు. ఆ తరుగులో ఉన్నది దుకాణం అద్దె, దీపాలు, సినిమా తారతో తీసిన ప్రకటన, యజమాని లాభం, చివర ఎక్కడో నా కూలి. అంటే నా పనిని ‘పని’ అనరు, ‘తరుగు’ అంటారు. నష్టం పద్దులో రాస్తారు.

రేపు ఆ గాజు మార్చడానికి తీసుకెళితే బంగారానికే విలువ కడతారు. నా పని అప్పటికి సున్నా. 2023 ఏప్రిల్ నుంచి హాల్‌మార్క్ నగ మీద ఆరు అక్షరాల గుర్తింపు సంఖ్య తప్పనిసరి చేశారు, మంచిదే. ఫోనులో కొట్టి చూస్తే ఏ దుకాణం ముద్ర వేయించిందో, ఏ కేంద్రం పరీక్షించిందో వస్తుంది. చేసినవాడి పేరు రాదు. కంసాలి తల్లి బంగారంలోనైనా కాస్త తీస్తాడని సామెత ఉండనే ఉంది, మా పేరు అందులో మాత్రం వస్తుంది.

ఆ జర్మనీవాళ్ళు ప్లాస్టిక్ సీసా కోసి ధర చెబుతున్నారంటే అది అచ్చంగా చేతి ధర. అందులో గ్రాములు లేవు, తరుగు లేదు. అది నగ అవునో కాదో నాకు తెలియదు. నాకు దక్కనిది వాళ్ళకు దక్కింది, అంతవరకు తెలుసు.

పుట్టింటి గాజులు

కమ్మచ్చు గారూ, మీ మాట చదివి బీరువాలోంచి బిల్లు తీశాను. తరుగు 14 శాతం. ఇన్నాళ్ళూ అది బంగారం పొడి అనుకున్నాను, నిజంగా.

కానీ దానికి విరుగుడు బంగారాన్ని వదిలేయడమా? బిల్లులో తరుగు తీసేసి కూలి అని రాయమనండి, ఎంతో రాయమనండి, ఇస్తాను. బంగారు కత్తి అని మెడ కోసుకోము, నిజమే. రబ్బరు కత్తి అయితే కోసుకోవాలా?

ఇసార్ ఒడ్డు

క్యున్‌జ్లిదే ఇంకొకటి చెప్పాలి. రబ్బరు కడియాన్ని ఒప్పుకోగలనేమో గానీ దీని దగ్గర నా వల్ల కాలేదు. 1985–86లో పత్రికల్లో ప్రకటనలు ఇచ్చి, జనం వాడి వదిలేసిన పెళ్ళి ఉంగరాలు కొన్నాడు. 48 ఉంగరాలు. వాటిని ఒకదానిలో ఒకటి గుచ్చి గొలుసు చేశాడు. కరిగించలేదు. చూస్తే మామూలు బంగారు గొలుసే, ఎవరి కళ్ళకూ కొత్తగా ఏమీ అనిపించదు. సంగతి తెలిశాక మెడలో వేసుకోగలరా?

పుట్టింటి గాజులు

వద్దు. నలభై ఎనిమిది తాళిబొట్లతో హారం చేస్తే ఎలా ఉంటుందో అలా ఉంది. ఒళ్ళు జలదరించింది.

కాసేపయ్యాక ఇంకొకటి తోచింది. మా నాయనమ్మ పోయాక ఆవిడ పుస్తెలు, నాను కరిగించి మా తరం పిల్లలకు తలా ఒక ఉంగరం చేయించారు. నా వేలికున్నది అదే. నాకు ఎప్పుడూ ఒళ్ళు జలదరించలేదు. అంటే కరిగిస్తే ఎవరిదన్నది పోతుందా? లేక పోయిందని మనం ఒప్పుకున్నామా? ఈ గొలుసాయన కరిగించకపోవడమే నన్ను పట్టి ఊపింది. నగ కాదని మొదట అన్నాను కదా, దీన్ని మాత్రం కాదనలేకపోతున్నాను. వేసుకోను, అది వేరే సంగతి.

కమ్మచ్చు

మూసి ఉన్న ఉంగరాన్ని ఇంకో ఉంగరంలోకి దూర్చాలంటే కోయాలి, మళ్ళీ అతకాలి. అన్ని ఉంగరాల బంగారం ఒకే మచ్చు ఉండదు, అతుకు రంగు తేలిపోతుంది. అతుకు ఎక్కడుందో కనిపించకుండా చేశాడంటే ఆ మనిషి మా పీట మీద కూర్చోదగినవాడే. ఆ మాట ముందే చెప్పి ఉంటే నేను రబ్బరు గురించి అంత దురుసుగా రాసేవాణ్ణి కాదు.

చిలకలపూడి వీధి

బంగారం లేని నగ యూరప్ కనిపెట్టిందా? మచిలీపట్నం పక్కనే చిలకలపూడి ఉంది, రండి. రాగి, ఇత్తడి మీద పల్చటి బంగారు పూతతో మా వాళ్ళు ఎన్ని పెళ్ళిళ్ళు నడిపించలేదు! హారం నుంచి వంకీ దాకా మేం చేయని నగ లేదు. దాన్ని కళ అనలేదు ఎవరూ. ‘చిలకలపూడి సరుకు’ అంటే నకిలీ మనిషికి పెట్టే పేరైంది.

తేడా ఎక్కడుందో చెబుతాను. మేం బంగారం లేదని దాచాం. క్యున్‌జ్లి బంగారం ఉందని దాచాడు. లేనిది ఉన్నట్టు చూపితే నకిలీ, ఉన్నది లేనట్టు చూపితే మ్యూజియం.

అందరికీ అందాలని అల్యూమినియం పట్టుకున్నారన్నారు. ఆ అల్యూమినియం ఇప్పుడు ఎక్కడుంది? మ్యూజియం గాజుపెట్టెలో! మా గొలుసులు మాత్రం రేపల్లె బస్సులో కూడా కనిపిస్తాయి. ఎవరిది అందరి నగ?

వెండితీగ

ఈ దెబ్బ గట్టిగానే తగిలింది. ఆ రంగంలోనివాళ్ళు కూడా తమను తాము ఇదే ప్రశ్న వేసుకుంటారు. కొనేవాళ్ళు కొద్దిమంది, చేసేవాళ్ళే ఎక్కువ. ఆమ్‌స్టర్‌డామ్‌లో 1976 నుంచి ఇలాంటి నగలకు నిలయమైన ‘గ్యాలరీ రా’ 2019లో తలుపులు మూసింది. వీళ్ళలో చాలామంది పాఠాలు చెప్పుకుని బతికేవాళ్ళే. కమ్మచ్చు గారు అనుకున్నంత చేతి ధర అందరికీ దక్కడం లేదు.

నా సంగతి కూడా చెప్పేస్తాను. నేను కరీంనగర్ వెండి తీగపని నేర్చుకుంటున్నాను. 2007లో దానికి భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఊరి పేరు నమోదైంది. వెంట్రుకంత తీగను రెండు పోగులు పేని, వంచి, వెలిగారం అద్ది, చట్రంలో కూర్చే మా గురువుగారి పేరు ఆ కుంకుమభరిణె మీద ఉండదు. పోయిన నెల ఒక భరిణె అడుగున ఆయన పేరులోని మొదటి అక్షరం చిన్నగా గీశాను. ఆయన చూసి, “కొనేవాళ్ళు గీత పడిందని వెనక్కి పంపుతారమ్మా” అని ఆకురాయితో రుద్దేశారు.

అర్ధరూపాయి

ఇది నవ్వుతూ చదువుదామని వచ్చాను.

ఇసార్ ఒడ్డు

ఇందాక అమ్మకు ఫోన్ చేసి, నల్లపూసలు చేసినవారెవరో దుకాణంలో కనుక్కోమన్నాను. “ఏం, తెగిందా?” అంది. తెగలేదు, ఊరికే అన్నాను. “తెగనిదానికి చేసినవాడితో ఏం పని?” అంది. సమాధానం దొరకలేదు. అయినా రేపు వెళ్ళి అడుగుతానంది.

కమ్మచ్చు గారూ, ఒక మాట అడగనా? ఆ రబ్బరు కడియం లాంటిదే నాకొకటి చేసిపెట్టగలరా? బంగారం మా అమ్మ ఇస్తుంది.

కమ్మచ్చు

ఇంకొకరి పని దింపడం నాకు ఇష్టం ఉండదు. వేరేది చేస్తాను. రబ్బరు బదులు నల్ల కొమ్ము, లోపల తొలిచి బంగారం కూర్చి మూస్తాను. గుండు ఎంత ఉండాలో మీ ఇష్టం. మీ అమ్మగారి ఎదుటే తూచి, కాగితం మీద రాసి, మూసేస్తాను. ఆ తర్వాత నమ్మడమే.

తరుగు లేదు. కూలి మూడు రోజులది, ఎంతో ఫోనులో చెబుతాను. బేరం వద్దు. లోపలి అంచున నా పేరు ఉంటుంది, రుద్దితే పోనంత లోతుగా.

పుట్టింటి గాజులు

తూచే రోజు నాకూ చెప్పండి, వస్తాను. నమ్మకం లేక కాదు, మూసేముందు ఒకసారి చూద్దామని.