రతన్ థియామ్‌ని నాటక రచయితగా లెక్కించాలా?

రంగపురుగు: పక్క చర్చలో మన కాలపు భారతీయ నాటక రచయితల్ని లెక్కేస్తూ కర్నాడ్, టెండూల్కర్ల సరసన మణిపూర్ రతన్ థియామ్ (2025లో పోయారు) పేరు రాశాను. "ఆయన డైరెక్టరండీ" అని నవ్వారు. 1976లో ఇంఫాల్‌లో కోరస్ రెపర్టరీ థియేటర్ పెట్టి, రాసి, ఆడించి, సెట్టు, లైటు, సంగీతం కూడా తానే చూసుకున్న మనిషి. రచయిత ఎందుకు కాడో చెప్పండి.

పరిషత్తు పాతకాపు: నేను చెప్తా. 1987లో ఎడింబరో నాటకోత్సవంలో థియామ్ 'చక్రవ్యూహం'కి ఫ్రింజ్ ఫస్ట్ అవార్డు ఇచ్చారు. అక్కడ మైతేయి (మణిపురి) భాష ఎంతమందికి వచ్చు? మాట అర్థం కాకుండా కొట్టిన చప్పట్లు రచనకి ఎలా చెందుతాయి? ఆయన ఆడించిన వాటిలో 'ఊరుభంగం' సంస్కృత కవి భాసుడిది, 'అంధాయుగ్' హిందీ రచయిత ధర్మవీర్ భారతిది. నా నాటికకీ ఓ పరిషత్తులో ఇదే గతి పట్టింది. డైరెక్టరు డైలాగులు సగం కోసి, స్టేజీ నిండా పొగ వదిలి, ఉత్తమ ప్రదర్శన షీల్డు పట్టుకెళ్లాడు. కరపత్రంలో నా పేరు మేకప్ వాళ్ల కింద.

చిన్నబాబు: ఆయనకి పద్మశ్రీ ఉంది కదా.

తెరవెనక: 1989లో వచ్చింది. 2001లో తిరిగిచ్చేశారు.

చిన్నబాబు: తిరిగిచ్చాక ఉన్నట్టా లేనట్టా?

రంగపురుగు: పాతకాపు గారూ, మీ షీల్డు గొడవ థియామ్ మెడకి చుట్టకండి. 'చక్రవ్యూహం' ఆయన సొంత రచనే. ఇంగ్లీషు అనువాదం పుస్తకంగా కూడా వచ్చింది. 1980లో మణిపూర్ మొత్తాన్ని కల్లోలిత ప్రాంతంగా (అంటే సైన్యానికి ప్రత్యేక అధికారాలుండే చోటుగా) ప్రకటించారు, నాటకం 1984లో వచ్చింది. పెద్దవాళ్ల లెక్కల కోసం ఒక కుర్రాణ్ణి వ్యూహంలోకి తోసి, వాడు వీరుడా బలిపశువా అని అడగడం ఆ ఊళ్లో, ఆ రోజుల్లో ఏమిటో ఆలోచించండి. మనం పద్మవ్యూహం అనగానే రాగం తీసి పద్యం అందుకుంటాం. ఆయన అందులోంచి రాజకీయం తీశాడు. అది రచన కాకపోతే మరేమిటి?

పరిషత్తు పాతకాపు: ఎత్తుగడ బాగుంది. ఎత్తుగడ డైరెక్టరుకీ తట్టొచ్చు. ఒక్క డైలాగు చెప్పండి, గుర్తుండేది.

తెరవెనక: నాటకమంటే డైలాగేనా గురువుగారూ? అలాగైతే రేడియోలో వేసుకోండి.

పరిషత్తు పాతకాపు: రేడియో నాటకాన్ని తక్కువ చెయ్యకు బాబూ. అసలు నువ్వు చూశావా, ఫోన్లో ముక్కలు చూసి మాట్లాడుతున్నావా?

చిన్నబాబు: పద్మశ్రీ సంగతి ఎవరూ చెప్పట్లేదు.

రంగపురుగు: కేంద్రానికీ నాగా తిరుగుబాటుదారులకీ మధ్య ఉన్న కాల్పుల విరమణని మణిపూర్‌కి పొడిగించినందుకు నిరసనగా ఇచ్చేశారు. చాలా?

ముఖరంగు: ఇంతసేపూ ఊరుకున్నాను. నేను నటిని. రచయితా, డైరెక్టరా అని మీరిద్దరూ కొట్టుకుంటున్నారు. ఆ బృందంలో ఏళ్ల తరబడి ఉండి, అక్కడే పొలం పని చేసి, థాంగ్-టా కత్తిసాము నేర్చి, వంద సాధనల తర్వాత వేలు కూడా ఆయన చెప్పినట్టే కదిపిన వాళ్లలో ఒక్కరి పేరు చెప్పండి. గూగుల్ చెయ్యకుండా.

తెరవెనక: రెపర్టరీ అంటేనే బృందం అక్కా. సురభిలో మాత్రం మనకి ఎన్ని పేర్లు తెలుసు?

ముఖరంగు: బాబ్జీ గారు తెలుసు. మిగతావాళ్లు తెలియకపోవడం మన తప్పు. దాన్నే పద్ధతి అనకు.

పరిషత్తు పాతకాపు: అదీ మాట! నేను మొదట్నించీ అంటున్నది ఇదే. ఒక్కడి పేరు కింద అందరి చాకిరీ.

ముఖరంగు: మీరు అన్నది మీ పేరు గురించి సార్. మీ నాటికలో వేసిన పిల్ల పేరు కరపత్రంలో ఉందా?

పరిషత్తు పాతకాపు: కరపత్రం నేను వేయించలేదు.

రంగపురుగు: సరే, నటుల సంగతికి విడిగా చర్చ పెట్టండి, వస్తాను. ఇక్కడ నా ప్రశ్న అలాగే ఉంది. రంగస్థలం మీద ఏది ఎప్పుడు వినపడాలో, ఎప్పుడు మౌనం ఉండాలో కాగితం మీద తేల్చినవాణ్ణి రచయిత అనకుండా ఏమంటారు?

ముఖరంగు: విడిగా ఎందుకు? ఆ మౌనంలో స్టేజీ మీద నిలబడింది ఎవరు?