ఖాళీ గుల్ల ఒక్కటే చూసి కొత్త నత్త జాతికి పేరు పెట్టవచ్చా?

రాళ్లగుట్ట:
ఉష్ణమండల నేల నత్తల్లో చాలావాటికి గుల్ల మాత్రమే చూసి పేర్లు పెట్టేస్తున్నారు. డీఎన్‌ఏ లేదు, శరీరం కోసి చూసింది లేదు. ఇది నాకు సమ్మతం కాదు. మన పడమటి కనుమల్లోని ఇండ్రెల్లా ఆంపుల్లాను చూడండి. ఒళ్లు కొన్నిటికి ఎరుపు, కొన్నిటికి పసుపు, అయినా జాతి ఒక్కటే. మాక్రోక్లామిస్ అనే నత్తల ప్రజాతిలో (దగ్గరి జాతుల గుంపులో) దీనికి పూర్తిగా తలకిందులు. గుల్లలన్నీ ఒకేలా ఉంటాయి, లోపలి జననాంగాలు చూస్తేగానీ ఏది ఏదో తేలదు. పైపై రూపాన్ని ఎలా నమ్మాలి?

సున్నపుబట్టీ:
మీరు చెప్పిన రెండూ నిజమేనండీ. కానీ మలేసియా సున్నపురాయి గుట్టల సంగతి వేరు. అక్కడి నత్తల్లో చాలావి కొద్ది మిల్లీమీటర్లకు మించవు, బతికున్నవి కంటపడటమే అరుదు. గుట్ట అడుగున ఉన్న మట్టి తెచ్చి బకెట్ నీళ్లలో కలిపితే ఖాళీ గుల్లలు పైకి తేలతాయి. వాటిని జల్లెడతో తీసి మైక్రోస్కోప్ కింద చూస్తారు. ఎండావానలకు పాడైన ఆ గుల్లల నుంచి డీఎన్‌ఏ రాబట్టడం చాలా కష్టం.

పెరాక్‌లోని గునుంగ్ రాపట్ గుట్టలో దొరికిన ఒపిస్తోస్టోమా వెర్మిక్యులమ్‌కు 2008లో గుల్లను బట్టే పేరు పెట్టారు. దాని చుట్లు నాలుగు వేర్వేరు అక్షాల మీద తిరుగుతాయి! అంత స్పష్టమైన తేడా కళ్లెదుట ఉంటే ఇంకా దేనికోసం ఆగాలి? పహాంగ్‌లో బుకిట్ పాంచింగ్ గుట్టను క్వారీ కోసం తవ్వేశారు. అక్కడే ఉండే ప్లెక్టోస్టోమా సియాఫిలమ్ అంతరించింది. ముందే పేరుంది కాబట్టి ఏం పోయిందో చెప్పగలుగుతున్నాం. పేరు పెట్టకముందే పోయినవాటి లెక్క ఎవరు చెబుతారు? నాకు అదే బాధ.

రాళ్లగుట్ట:
బాధ నాకూ ఉంది. అయినా తొందరపడి పెట్టిన పేర్లు నిలవవు. ఆఫ్రికా పెద్ద నత్తను అకటినా ఫులికా అని చదువుకున్నాం, ఇప్పుడు లిస్సాకటినా ఫులికా అంటున్నారు.

తడిమట్టి:
అక్కడ మారింది ప్రజాతి, అంటే పేరులో మొదటి మాట, మాత్రమే కదండీ. 1950లో బెకార్ట్ అనే శాస్త్రవేత్త ఉపప్రజాతిగా విడదీసిన లిస్సాకటినాను తర్వాత ప్రజాతిగా తీసుకున్నారు. ఫులికా అన్న మాట కదల్లేదు. అనుమానం ఉంటే దాన్ని పేరులోనే చూపించవచ్చు. 2014లో మలేసియాలోని గునుంగ్ కాంతన్ గుట్ట నత్తకు కరోపా లఫార్జీ అని పేరు పెట్టినప్పుడు ‘కరోపా’ను కోట్ గుర్తుల్లో రాశారు. ప్రజాతి ఇంకా తేలలేదని దానర్థం. లఫార్జీ అన్నది అప్పట్లో అక్కడ సున్నపురాయి తవ్విన సిమెంట్ కంపెనీ లఫార్జ్ పేరు మీద పెట్టింది. ఆ గుట్ట మీద అందరి దృష్టీ పడాలంటే అంతకన్నా మంచి పేరు దొరకదు.

రాళ్లగుట్ట:
కోట్ గుర్తుల పద్ధతి బాగుంది. ఎన్ని గుల్లలు చూశారో, అవి ఏ మ్యూజియంలో ఉన్నాయో రాస్తే వెర్మిక్యులమ్ లాంటివాటికి నేనూ సరే అంటాను. మాక్రోక్లామిస్ లాంటి నున్నటి గుల్లల దగ్గర మాత్రం ఒప్పుకోను. వాటికి శరీరం దొరికేదాకా ఆగాల్సిందే.