బాబుకి ఎన్యూరిజం వచ్చింది, పాపకీ స్కాన్ తీయించాలా?

కాకినాడ నాన్న:
మా బాబుకి తొమ్మిదేళ్లు. మార్చిలో ఒక సాయంత్రం హోంవర్క్ రాస్తూ పెన్సిల్ పడేసి, తల రెండు చేతులతో పట్టుకుని కేక పెట్టాడు. వెంటనే వాంతులు. మొదట చూపించిన చోట ఎండదెబ్బ అని ఇంజెక్షన్ చేసి పంపేశారు. రాత్రికి ఎడమ కనురెప్ప వాలిపోయింది. వేరే ఆసుపత్రిలో సీటీ తీస్తే మెదడు చుట్టూ రక్తం. రక్తనాళం బుడగలా ఉబ్బి చిట్లిందట, ఆ బుడగనే ఎన్యూరిజం అంటారట. తొడ దగ్గర నుంచి సన్నని గొట్టం పంపి ఆ బుడగలో కాయిల్ (సన్నని తీగచుట్ట) నింపారు. దేవుడి దయ, బడికి వెళ్తున్నాడు. ఇప్పుడు గొడవంతా నాలుగేళ్ల పాప గురించే. అమ్మ "దానికీ తీయించరా" అంటోంది. డాక్టర్ గారు అక్కర్లేదంటున్నారు. ఎవరి మాట వినాలండీ?

తూర్పుగాలి:
తీయించండి అన్నా. ఎంఆర్ యాంజియోకి (రక్తనాళాలు చూపించే ఎంఆర్ఐ స్కాన్) రేడియేషన్ లేదు. రోజూ ఆ టెన్షన్‌తో బతకడం ఎందుకు?

స్కాన్ రూమ్ అక్క:
రేడియేషన్ లేదు, నిజమే తమ్ముడూ. కానీ నాలుగేళ్ల పిల్ల ఆ మోతలో కదలకుండా పడుకోదు, మత్తివ్వాలి. పొద్దున్నుంచి ఏమీ పెట్టకుండా, ఆకలికి ఏడ్చేవాళ్లని రోజూ నేనే బల్ల మీద పడుకోబెడతాను. ఊరికే చేయించే పని కాదది. పైగా కుటుంబాల్లో నడిచే ఎన్యూరిజంలు ఎక్కువగా పెద్దయ్యాకే కనిపిస్తాయి. ఇప్పుడు స్కాన్ బాగుందని 20 ఏళ్ల తర్వాతా బాగుంటుందని కాదు. అమెరికన్ హార్ట్ అసోసియేషన్ 2015 సూచనల్లోనూ ఇంట్లో ఇద్దరికైనా ఉంటే స్క్రీనింగ్ అన్నారు. పిల్లల్లో కొన్ని తలకి దెబ్బ తగిలో, గుండె ఇన్ఫెక్షన్ వల్లో వస్తాయి. అవి వంశంలో వచ్చేవి కావు.

తూర్పుగాలి:
మొత్తం కేసుల్లో పిల్లలవి 5 శాతం లోపే అంటారు. ఆ కొద్దిమందిలోనే కదా అక్కా వాళ్ల బాబు ఉన్నాడు! లెక్కలు చెప్తే ఆ తల్లికి నిద్రపడుతుందా?

స్కాన్ రూమ్ అక్క:
పట్టదు. అందుకే ముందు ఇంట్లో పెద్దవాళ్లని అడగమంటాను. మెదడులో రక్తస్రావమై ఎవరైనా పోయారా? ఎవరికైనా కిడ్నీల నిండా నీటి తిత్తులున్నాయా? వంశంలో వచ్చే ఆ కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లకి ఎన్యూరిజంలూ ఎక్కువే. ఉంటే నా మాట వెనక్కి తీసుకుంటాను. బాబుకి మాత్రం ఫాలోఅప్ మానొద్దు. కాయిల్ పెట్టిన చోట మళ్లీ తెరుచుకోవచ్చు, ఇంకోచోట కొత్తదీ రావచ్చు.

కాకినాడ నాన్న:
ఇది చదివి అమ్మని అడిగాను. మా బాబాయి నలభై దాటకుండానే తలనొప్పని పడుకుని మరి లేవలేదట. అప్పటికే కిడ్నీలు పాడై డయాలసిస్ జరుగుతోందట. ఇన్నాళ్లూ గుండెపోటనే అనుకున్నాం. సోమవారం డాక్టర్ గారికి ఈ సంగతి చెప్పి, ముందు నాకు కిడ్నీ స్కాన్ రాయమంటాను.