బీడీ మాన్పించాలంటే తెలుగు కావాలా, తీరిక కావాలా?

ఓఎంఆర్ సేఫ్టీ
నేను చెన్నై ఓఎంఆర్ (పాత మహాబలిపురం రోడ్డు) పక్కన ఒక అపార్ట్‌మెంట్ సైట్‌లో సేఫ్టీ సూపర్‌వైజర్ని. మా కూలీల్లో ఎక్కువమంది శ్రీకాకుళం, విజయనగరం వైపు వాళ్లే. పోయిన నెల సెంట్రింగ్ పనిచేసే ఒకాయనకు దగ్గు తగ్గకపోతే ఆసుపత్రికి తీసుకెళ్లాను. సిగరెట్ అలవాటు ఉందా అని డాక్టరుగారు తమిళంలో అడిగారు. ఈయన "ఇల్లె" అన్నాడు. చీటీలో అలవాట్లేవీ లేవని రాసేశారు. బయటికొచ్చాక నేనడిగితే, "సిగరెట్టెక్కడ తాగాను బావూ, నాది బీడీయే కదా" అన్నాడు. రోజుకు రెండు కట్టలు!

2016-17 జాతీయ పొగాకు సర్వే ప్రకారం దేశంలో పెద్దవాళ్లలో సిగరెట్ తాగేవాళ్లు 4 శాతం, బీడీ తాగేవాళ్లు 7.7 శాతం. అలాంటప్పుడు సిగరెట్ గురించి మాత్రమే అడిగితే ఎంతమంది తప్పిపోతారో చూడండి. ఆరోజు ఆయన భార్య కూడా పక్కనే ఉంది. ఆవిడ కాల్చేది అడ్డపొగ, అంటే చుట్టను నిప్పున్న వైపు నోట్లో పెట్టుకుని పీల్చడం. మన ఉత్తరాంధ్రలో ఆడవాళ్లకు అంగిలి క్యాన్సర్ తెచ్చిపెట్టేది ఇదే. ఆవిణ్ణి ఎవరూ ఒక్క మాట కూడా అడగలేదు.

మన భాషలో, మన అలవాట్లు తెలిసినవాళ్లు అడిగితే తప్ప వీళ్లు మానరని నా అభిప్రాయం. మీరేమంటారు?

పెరంబూరు ఆడపడుచు
నేను ఒప్పుకోను. మేం మూడు తరాలుగా ఇక్కడే ఉన్నాం, ఇంట్లో తెలుగు, గడప దాటితే తమిళం. మా నాన్న ముప్ఫై ఏళ్లు బీడీ తాగారు. తమిళ డాక్టరు గట్టిగా చెప్పారు, మానేశారు. మనసులో పడితే భాష అడ్డం రాదండీ. అయినా తెలుగులో సాయం లేదని ఎవరన్నారు? పొగాకు మానడానికి సాయం చేసే 1800-11-2356 టోల్‌ఫ్రీ నంబరు 2018 నుంచి ప్యాకెట్ల మీదే అచ్చువేస్తున్నారు. దక్షిణాది భాషల వాళ్లతో బెంగళూరు నిమ్హాన్స్ ఆసుపత్రి నుంచి మాట్లాడతారు, తెలుగు కూడా ఉంది. ఉన్నదాన్ని ముందు వాడుకోవాలి కదా.

ఓఎంఆర్ సేఫ్టీ
నంబరు ఉన్న మాట నిజమే. కానీ మా సైట్ గేటు ముందు కొట్లో కట్ట విప్పి నాలుగేసి బీడీలు చేతిలో పెడతారు. పొట్లం కాగితం కొట్లోనే ఉండిపోతుంది. పైగా కట్ట మీద ఏ భాష అచ్చయితే హెచ్చరిక కూడా ఆ భాషలోనే ఉండాలన్నది 2003 చట్టం. ఇక్కడ దొరికే కట్ట మీద తెలుగు నేనైతే చూడలేదు.

లెక్కల మనిషి
భాష సంగతి తర్వాత. 2025 సెప్టెంబరులో జీఎస్టీ కౌన్సిల్ బీడీ పన్నును 28 నుంచి 18 శాతానికి తగ్గించాలని నిర్ణయించింది. కూలివాడు తాగేదాన్నే చవక చేసి, మళ్లీ మానమని ఏ భాషలో చెప్తే ఏం లాభం?

పాత మేస్త్రి
అందరూ చదువుకున్న మాటలు చెప్తున్నారు, నేను చూసింది చెప్తాను. ఇరవై రెండేళ్లు సెంట్రింగ్ మేస్త్రిగా చేశాను. స్లాబ్ పోసే రోజు ఊరికే కూర్చున్నవాణ్ణి "ఏంట్రా కూర్చున్నావు" అని లేపేస్తాం. చేతిలో బీడీ ఉంటే మాత్రం "తాగేసి రా" అంటాం. అలా అన్నవాళ్లలో నేనూ ఉన్నాను. పాలకొండ వైపు కుర్రాడొకడు, ఏ అలవాటూ లేనివాడు, వచ్చిన నాలుగు నెలలకే బీడీ పట్టాడు. ఎందుకురా అంటే, "కాసేపు కూర్చోనిస్తారు కదా మేస్త్రీ" అన్నాడు. వాడి కూర్చునే హక్కు నేనే బీడీకి కట్టేశానని అప్పుడు గానీ నాకు తెలియలేదు. ఆ మాట ఇప్పటికీ గుచ్చుకుంటూనే ఉంది. వాడికి తెలుగులో చెప్పేవాళ్లు లేకనా? చెప్పాల్సినవాణ్ణి నేనే, నాది తెలుగే.

మందుల షాపు
మేస్త్రిగారి మాటతో నాకు పేచీ లేదు. అయితే మానే దారిలో భాష అక్కరకొచ్చే చోటు ఒకటుంది. పొగ మానేవాళ్లు నమిలే నికోటిన్ గమ్ 2 మిల్లీగ్రాములది చీటీ లేకుండానే ఇస్తాం. మనవాళ్లు దాన్ని బబుల్‌గమ్‌లా గబగబా నమిలేస్తారు. కడుపులో తిప్పుతుంది, ఎక్కిళ్లు వస్తాయి, విసిరికొట్టి మళ్లీ బీడీ ముట్టిస్తారు. "మెల్లగా నమిలి, ఘాటు తగలగానే బుగ్గ పక్కన పెట్టు. ఘాటు తగ్గాక మళ్లీ నములు" అని తెలుగులో చేసి చూపిస్తే సరిగ్గా వాడుకుంటారు. బీడీ ఆకు తేలిగ్గా కాలదు, ఆరిపోకుండా గట్టిగా, మాటిమాటికీ లాగాలి. అందుకే మానడం కూడా కష్టం. మొదటి రెండు మూడు రోజులు తల పగిలినట్టుంటుంది, చిరాకు, నిద్ర పట్టదు. అవి రెండు నుంచి నాలుగు వారాల్లో సర్దుకుంటాయి. ఇది ముందే తెలిస్తే భయపడరు. తెలియనివాడు మానడం వల్లే జబ్బు చేసిందనుకుంటాడు.

పెరంబూరు ఆడపడుచు
మా నాన్నకు సొంతిల్లు ఉండేది, ఆదివారం సెలవు ఉండేది, పక్కన అమ్మ ఉండేది. మేస్త్రిగారిది చదివాక ఆ తేడా తట్టింది. భాష విషయంలో నా మాట నాదే. ఆడవాళ్ల సంగతి మాత్రం నేను ఆలోచించలేదు. చుట్ట కాలుస్తారా అని అడగడానికే డాక్టర్లకు తోచనప్పుడు తమిళమైనా తెలుగైనా ఒకటే.

ఓఎంఆర్ సేఫ్టీ
వారం తర్వాత రాస్తున్నాను. తాగినా తాగకపోయినా పొద్దున పది నిమిషాలు, మధ్యాహ్నం పది నిమిషాలు అందరికీ విరామం ఇమ్మని కాంట్రాక్టరుని అడిగాను. పొద్దుటిదానికి ఒప్పుకున్నాడు. మధ్యాహ్నం సంగతి ఇంకా తేల్లేదు, వదలను.

నిన్న షెడ్డులో నా ఫోన్ స్పీకర్‌లో పెట్టి, ఆసుపత్రికి తీసుకెళ్లానన్న ఆయనతో ఆ నంబరుకు మాట్లాడించాను. అటువైపు తెలుగు వినపడగానే ఆయన సర్దుకుని కూర్చున్నాడు. రోజుకు ఎన్ని, పొద్దున లేచాక ఎంతసేపటికి మొదటిది, ఎప్పుడెప్పుడు లాగుతుంది అని ఒక్కొక్కటీ అడిగారు. వేళ్లు మడిచి లెక్కపెట్టి చెప్పాడు. మానే రోజు శుక్రవారం పెట్టుకున్నాడు. వాళ్లావిడ పొయ్యి దగ్గర కూర్చుని అంతా వింది. పెట్టేసేలోపు దగ్గరికొచ్చి, "చుట్టకి కూడా చెప్తారేటి బావూ?" అంది. ఫోన్ ఆవిడ చేతికిచ్చి బయటికొచ్చాను.