వేపాకుతో చేసిన వెండి నానోకణాలను నీళ్ల డ్రమ్ముల్లో వేయవచ్చా?

ప్రశ్న: జీవశాస్త్ర ఉపాధ్యాయిని

నమస్కారం. మా వీధికి కుళాయి నీరు రెండు రోజులకొకసారి వస్తుంది కాబట్టి ప్రతి ఇంట్లోనూ డ్రమ్ములు, సిమెంటు తొట్లు నిండి ఉంటాయి. వానలు మొదలైతే వాటిలో ఏడిస్ దోమ లార్వాలు కనిపిస్తాయి, ఆ వెనుకే డెంగీ జ్వరాలు వస్తాయి. డిగ్రీ చదువుతున్న మా పూర్వ విద్యార్థులు వేపాకు కషాయాన్ని సిల్వర్ నైట్రేట్ ద్రావణంలో కలిపి, అది ముదురు గోధుమ రంగుకు మారడం నాకు చూపించారు. ఆ ద్రావణం పోసిన గ్లాసులోని లార్వాలు మరునాటికి చనిపోయాయి. ఆకుతో చేసినది కనుక ఇళ్లలోని డ్రమ్ముల్లో వేసినా ప్రమాదం ఉండదని వారు అంటున్నారు. ఇది నిజమేనా?

సమాధానం: నానోరసాయన పరిశోధకుడు

మేడమ్ గారూ, ఆ రంగు మార్పు నిజమైనదే. వేపాకులోని ఫ్లేవనాయిడ్లు, టెర్పినాయిడ్లు వెండి అయాన్లకు ఎలక్ట్రాన్లను ఇచ్చి వాటిని అతి సూక్ష్మమైన వెండి లోహ కణాలుగా, అంటే నానోకణాలుగా, మారుస్తాయి. ఆ కణాల చుట్టూ పొరగా అంటుకుని, అవి ముద్దకట్టకుండా ఆపేవి కూడా ఈ ఆకు పదార్థాలే. పుణెలోని జాతీయ రసాయన ప్రయోగశాల శాస్త్రవేత్తలు వేపాకుతో ఈ పనిని 2004లోనే చేసి ప్రచురించారు. అయితే ఆకు తెచ్చిన మేలు తయారీ పద్ధతికే పరిమితం. చివరికి నీటిలో చేరేది వెండే.

ఒక్కసారి లెక్క చూడండి. ఇటువంటి ప్రయోగాల్లో సాధారణంగా వాడే ఒక మిల్లీమోలార్ సిల్వర్ నైట్రేట్ ద్రావణంలో లీటరుకు సుమారు 108 మిల్లీగ్రాముల వెండి ఉంటుంది. మన తాగునీటి ప్రమాణం ఐఎస్ 10500 ప్రకారం లీటరుకు 0.1 మిల్లీగ్రాముకు మించి వెండి ఉండకూడదు. లార్వాలను చంపడానికి లీటరుకు 5 మిల్లీగ్రాములు చాలునని అనుకున్నా, అది ఆ పరిమితికి 50 రెట్లు. 200 లీటర్ల డ్రమ్ములో ఒక గ్రాము వెండి కలిపి, ఆ నీటితోనే వంట చేయమని ఎవరికి చెప్పగలం?

ఇంకొక సందేహం కూడా ఉంది. వేపాకు కషాయం మాత్రమే పోసిన గ్లాసును, సిల్వర్ నైట్రేట్ మాత్రమే పోసిన గ్లాసును వారు పక్కన ఉంచారా? చర్య పూర్తికాక మిగిలిన వెండి అయాన్లే లార్వాలను చంపి ఉండవచ్చు. ఈ పోలిక లేకపోతే నానోకణాల ప్రభావం గురించి ఏమీ చెప్పలేము.

సమాధానం: కీటకశాస్త్ర విద్యార్థిని

గ్లాసులో కనిపించిన ఫలితం తొట్టిలో కనిపించకపోవచ్చునని కూడా చెప్పాలి. కుళాయి నీటిలోని క్లోరైడ్లు, లవణాలు ఈ కణాలను ముద్దకట్టించి అడుగుకు చేరుస్తాయి. ఆ నీరు కాలువలోనో చెరువులోనో కలిస్తే చేపలకూ, వాటికి ఆహారమైన డాఫ్నియా వంటి చిన్న నీటి జీవులకూ హాని చేస్తుంది, ఎందుకంటే వెండికి దోమ లార్వా అనే వివక్ష లేదు. 1976లో ఇజ్రాయెల్‌లోని నెగెవ్ ఎడారిలో కనుగొన్న బీటీఐ అనే బ్యాక్టీరియాతో చేసిన లార్వా మందుకు ఆ వివక్ష చాలావరకు ఉంది. దాని విషం లార్వా పేగులోని క్షారగుణంలోనే పనిచేస్తుంది. నీటిలో వేసే టెమిఫాస్ అనే రసాయన లార్వా మందుకు దోమలు అనేక చోట్ల అలవాటుపడ్డాయి కనుక కొత్త మందుల కోసం ఈ పరిశోధన జరగవలసినదే. అయితే 1968 నాటి క్రిమిసంహారక మందుల చట్టం కింద నమోదు కాని దేనినీ ఇళ్లలో దోమల మందుగా వాడకూడదు.

సమాధానం: మలేరియా విభాగంలో పనిచేసి విరమించినవాడిని

అమ్మా, ఏడిస్ గుడ్డు దోమగా మారడానికి వారం, పది రోజులు పడుతుంది. వారానికొకసారి నీటి పాత్రలన్నీ ఖాళీ చేసే డ్రైడేను శుక్రవారం పెట్టినది అందుకే. నీరు పారబోయడంతోనే ఆపకండి. గుడ్లు నీటి అంచుకు కాస్త పైన గోడకు అంటుకుని, ఎండినా నెలల తరబడి బతికే ఉంటాయి కాబట్టి లోపలి గోడలను కొబ్బరి పీచుతో గట్టిగా రుద్దించండి. తరువాత గుడ్డను డ్రమ్ముపై బిగించి కట్టాలి.

ప్రశ్న అడిగినవారు

ధన్యవాదాలు. డ్రమ్ముల ఆలోచన మానేశాము. కషాయం, సిల్వర్ నైట్రేట్, నానోకణాలు, మంచినీరు అని నాలుగు గ్లాసులతో ప్రయోగం మళ్లీ చేయిస్తాను. మిగిలిన ద్రావణాన్ని ఏమి చేయాలి?

సమాధానం: నానోరసాయన పరిశోధకుడు

సింకులో పోయవద్దు. మూత ఉన్న సీసాలో పోసి, వెండి వ్యర్థమని చీటీ అంటించి, కళాశాల రసాయన ప్రయోగశాలలో లోహ వ్యర్థాలను భద్రపరిచే చోట అప్పగించమనండి.