‘ఈర్ష్యాసూయలు’: ఆ ‘తు’ దగ్గర ఆగాలా, అక్కర్లేదా?

తాటాకు:
మా మనవరాలు ఎనిమిదో తరగతి. జెలసీ, ఎన్వీ అనే రెండు ఇంగ్లీషు మాటలకు తేడా చెప్పి తెలుగు అర్థాలు రాయమన్నారట. ‘జెలసీ అంటే అసూయ, ఎన్వీ అంటే ఈర్ష్య’ అని రాసింది. టీచరు ఎర్ర సిరాతో బాణాలు గీసి రెండింటినీ తారుమారు చేశారు. ‘ఏది ఒప్పు తాతయ్యా?’ అంటే నాకు నోరు పెగల్లేదు. చిన్నప్పుడు మా నాన్నగారు అరుగు మీద కూర్చోబెట్టి వల్లె వేయించిన పాదం ఒకటి నిన్నటి నుంచి బుర్ర తొలుస్తోంది: ‘...సూయా తు దోషారోపో గుణేష్వపి’. ముందు మాట గుర్తు రావడం లేదు. ఎవరికైనా నోటికి వచ్చా?

నిఘంటుపురుగు:
అమరకోశం (సంస్కృత పర్యాయపదాల నిఘంటువు), నాట్యవర్గం. ‘అక్షాంతిరీర్ష్యాసూయా తు దోషారోపో గుణేష్వపి’. ఓర్వలేకపోతే ఈర్ష్య. గుణం కనబడుతున్నా దానికే దోషం అంటగడితే అసూయ. ఎదురింటి ముగ్గు మీద నుంచి చూపు తిప్పుకోలేక, ‘ఆ మూల చుక్క కాస్త వంకరపోయినట్టుందే’ అంటే అసూయ. ఏమీ అనకుండా లోపలికి వచ్చి తలుపు ధడాలున వేసుకుంటే ఈర్ష్య. ఆ లెక్కన ఎన్వీకి ఈర్ష్యే దగ్గర. అసూయ ఆ రెండింట్లో దేనికీ అతకదు. అమ్మాయికి సగం మార్కులు రావాలి.

పెరటిజామ:
అంత తొందర వద్దు. ఆ ‘తు’కు అర్థమేముంది? ‘తు హి చ స్మ హ వై పాదపూరణే’ అని అమరుడే ఒప్పుకున్నాడు కదా. పాదానికి ఎనిమిదో అక్షరం తక్కువైతే గుచ్చిన ఈనెపుల్ల అది. తీసేయండి, అక్షాంతి, ఈర్ష్య, అసూయ మూడూ ఒకే వరసలో కూర్చుంటాయి.

నిఘంటుపురుగు:
ఆ మాట మూడో కాండలో కదండీ వచ్చేది. మొదటి కాండ మొదట్లోనే పరిభాష పెట్టాడు: ‘త్వంతాథాది న పూర్వభాక్’. ‘తు’ చివరనున్న మాట, ‘అథ’తో మొదలయ్యే మాట వెనకటివాటితో కలవవు. మీరు ఈనెపుల్ల అంటున్నది గోడ.

పెరటిజామ:
పరిభాష నాకూ వచ్చు లెండి. వల్లె వేసే పిల్లవాడికి గోడ వినపడదు, అదీ నేననేది. ‘రీర్ష్యాసూయా’ అని ఒక్క ఊపిరిలో అనేస్తాడు. సవర్ణదీర్ఘసంధి అసూయలోని ‘అ’ను మింగి కూర్చుంది. తెలుగువాళ్ళం రెండు మాటలనూ కలిపి ‘ఈర్ష్యాసూయలు’ చేసుకున్నది అక్కడే. ఇరవై ఏళ్ళుగా చెబుతున్నాను.

ఒత్తులేనిఅక్షరం:
ఈ సిద్ధాంతం నేను చదవడం నాలుగోసారి. అమరం మొహం చూడనివాళ్ళు కూడా ఆ రెండింటినీ కలిపేస్తున్నారు, వాళ్ళనేం చేద్దాం? ఇంగ్లీషు వైపు నుంచి రండి. ఎన్వీకి ఇద్దరు చాలు, ఉన్నవాడూ లేనివాడూ. జెలసీకి మూడోమనిషి కావాలి, తనది అనుకున్నదాన్ని ఎగరేసుకుపోయేవాడు. షేక్‌స్పియర్ నాటకం ఒథెల్లోలో ఇయాగో ‘పచ్చకళ్ళ రాక్షసి’ అని హెచ్చరించేది జెలసీ గురించి. పదవి కాసియోకు దక్కిందని ఆ ఇయాగో కడుపులోనే రగిలేది ఎన్వీ. ఆ మాటకు మూలమైన లాటిన్ ‘ఇన్విదియా’లో చూపుకు సంబంధించిన ధాతువు ఉంది. మన ‘కన్నుకుట్టడం’ దానికి అచ్చంగా సరిపోతుంది. అయితే ఇప్పటి ఇంగ్లీషువాళ్ళు స్నేహితుడి కొత్త కారు చూసి కూడా జెలస్ అనే అంటున్నారు. వాళ్ళ గోడా పడిపోయింది.

మేడిచెట్టు:
జెలసీ వెనక ఉన్న గ్రీకు ‘జేలోస్’లో ఉడుకూ పట్టుదలా కూడా ఉన్నాయి. ఇంగ్లీషు ‘జీల్’ దాని తోబుట్టువే. మా ఇంటి తెలుగు బైబిలులో నిర్గమకాండము 20వ అధ్యాయం తీయండి. ఇంగ్లీషులో దేవుడు ‘జెలస్’ అయినచోట తెలుగులో ‘రోషముగల దేవుడను’ అంటాడు. ఈర్ష్యా లేదు, అసూయా లేదు. కొరింథీయులకు రాసిన మొదటి పత్రిక 13వ అధ్యాయంలో ‘ప్రేమ మత్సరపడదు’ అని ఉంటుంది. గ్రీకులో అక్కడున్నదీ జేలోస్ కుటుంబపు క్రియే. కింగ్ జేమ్స్ అనువాదంలో మాత్రం అది ఎన్వీ అయింది. ఒకే మొక్క ఒకచోట రోషం, ఇంకోచోట మత్సరం కాసింది. తనదానిమీద ఎవరైనా చెయ్యి వేస్తే పొడుచుకొచ్చేదానికి ‘రోషం’ అన్నవారికి దండం పెట్టాలి.

పెరటిజామ:
రోషం అన్నారు గనుక ఇక నన్ను ఆపకండి. ‘పారిజాతాపహరణం’లో ముక్కు తిమ్మన సత్యభామ! పారిజాతం రుక్మిణికి దక్కిందని చెలికత్తె చెప్పగానే ‘అనవిని వ్రేటువడ్డ యురగాంగనయుంబలె నేయివోయ భగ్గన’ అని లేస్తుంది చూడండి. ఆ ‘భగ్గన’ దగ్గర ఆగి చదవండి, పుస్తకం పట్టుకున్న వేళ్ళకు సెగ తగులుతుంది. ఇంత చక్కని తెలుగు రాసినవాడిని మనం ముక్కు కథతో గుర్తుపెట్టుకున్నాం.

ఒత్తులేనిఅక్షరం:
నా కొలత ప్రకారం అది జెలసీయా, ఎన్వీయా? పువ్వు రుక్మిణికి ఉంది, తనకు లేదు. కృష్ణుడు చెట్టే తెచ్చి పెరట్లో నాటిస్తే అలక తీరింది. కాబట్టి ఎన్వీ.

పెరటిజామ:
చెట్టు చూసి తీరిందనుకుంటున్నారా? తన కోసం ఇంద్రుడితో పోరాడి తెచ్చాడని తీరింది. పువ్వు రుక్మిణికి అందింది ఎవరి చేతినుంచో మరిచిపోకండి. ఆ చెయ్యే మీరన్న మూడోమనిషి. ‘పేరలుకం జెందిన యట్టి కాంతలుచితవ్యాపారముల్ నేర్తురే’ అని కవే తేల్చాడు, అలుక అని. ఈ రెండు మాటలకూ తెలుగు వెతకడం మాని, అలుకకు ఇంగ్లీషు చెప్పండి ముందు.

నిఘంటుపురుగు:
సత్యభామ పేరెత్తాక నాకొకటి తట్టింది. నాట్యశాస్త్రంలోని 33 వ్యభిచారిభావాల్లో, అంటే రసం నడుమ వచ్చిపోయే భావాల్లో, అసూయ ఉంది, ఈర్ష్య లేదు. ఆలంకారికులు ఈర్ష్యను తీసుకెళ్ళి శృంగారంలో పెట్టారు. నాయకుడి మనసు ఇంకొకరి మీదికి పోయిందని నాయిక అలిగితే ఈర్ష్యామానం. అథర్వవేదంలో ఈర్ష్యను గుండెలోని నిప్పులా చల్లార్చే సూక్తం ఒకటి ఉంది. ఇలా చూస్తే జెలసీయే ఈర్ష్య.

మేడిచెట్టు:
అంటే టీచరుదే ఒప్పా? పొద్దున ఎన్వీ దగ్గర కూర్చోబెట్టి అమ్మాయికి సగం మార్కులు ఇప్పించారు మీరు.

నిఘంటుపురుగు:
పొద్దున అమరం ప్రకారం చెప్పాను. ఇప్పుడు అలంకారశాస్త్రం ప్రకారం చెబుతున్నాను. రెంటికీ పొత్తు కుదరకపోతే నా తప్పా?

తాటాకు:
అందరికీ కృతజ్ఞతలు. ఇదంతా చదివి వినిపించాను. రోషం దగ్గర కాసేపు కళ్ళు విప్పి విన్నది, ‘త్వంతాథాది’ దగ్గర ఆవలించింది. చివరికి కొత్త పేజీలో ‘ఎన్వీ అంటే కన్నుకుట్టడం, జెలసీ అంటే సత్యభామ’ అని రాసుకుని బడికి వెళ్ళింది. టీచరు దాని పక్కన పెద్ద ప్రశ్నార్థకం పెట్టి పంపారు.

పెరటిజామ:
ఆ ప్రశ్నార్థకాన్ని పటం కట్టించండి. అది సరే, ‘గుణేష్వపి’లో ‘అపి’ సంగతి ఎవరూ ముట్టుకోలేదు. గుణాల్లో ‘సైతం’ దోషం ఎంచడమంటే, ఉన్న దోషాలను ఎంచడం కూడా అసూయ కిందే వస్తుందా? వస్తే ఈ గుంపులో మనం రోజూ చేస్తున్నదేమిటి?

నిఘంటుపురుగు:
అది కూడా పాదపూరణమే అనండి, పోతుంది.